సాఫ్టువేరు పరీక్ష – విశ్వవిద్యాలయముల కర్తవ్యము

తెలుగునాట ఇంజనీరింగు కళాశాలలకు కొదవ లేదు. ఏటేట వేలకొలది యువజనులు కంప్యూటరు శాస్త్రమున పట్టము పుచ్చుకొని బయటికి వచ్చుచున్నారు. వీరిలో పెక్కండ్రు ప్రోగ్రాములు వ్రాయ నేర్చినవారే. కాని తాము వ్రాసినదియు, పరులు వ్రాసినదియు సరిగ నున్నదో లేదో క్రమముగ విచారింప నేర్చినవా రెందరు? ఇది కంప్యూటరు పండితుల యింటి తగవని కొందరికి తోచవచ్చును. భూమి పట్టా, బ్యాంకు ఖాతా, వృద్ధుల పింఛను, రైలు టిక్కెట్టు, బిడ్డల పరీక్షాఫలితము – ఇవన్నియు సాఫ్టువేరు చేతిలో నున్న ఈ దినములలో ఇది ప్రతి గృహస్థుని ప్రశ్న యని మా యభిప్రాయము.

2019వ సంవత్సరము ఏప్రిలు 18వ తేదీన తెలంగాణమున ఇంటర్మీడియెటు ఫలితములు వెలువడినప్పుడు జరిగినదానిని ప్రజలు మరచియుండరు. పరీక్ష వ్రాసినవారు రానివారుగ చూపబడిరి. ఉత్తీర్ణులు కావలసినవారు తప్పినవారుగ చూపబడిరి. తల్లిదండ్రులు బోర్డు కార్యాలయము ముందు బారులు తీరిరి. ఆ దినములలోనే పలువురు విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ప్రభుత్వము ముగ్గురు సభ్యుల విచారణసంఘమును నియమించి, తప్పినవారందరి జవాబుపత్రములను రుసుము లేకుండ మరల చూడ నాజ్ఞాపించెను. అట్లు 3,80,000కు పైగా విద్యార్థుల పత్రములు తిరిగి చూడగా వేయిమందికి పైగా ఉత్తీర్ణులని తేలెను. ఆ మరణముల కన్నిటికిని సాఫ్టువేరే కారణమని చెప్పుట న్యాయము కాదు. మేమట్లు చెప్పుటయు లేదు. అందు చేతితప్పులును గలవు. తెలుగున 99 మార్కులు రావలసిన యొక బాలికకు సున్న పడెను. మూల్యాంకనము చేసినవారు గడులు దిద్దుటలో పొరబడిరని తరువాత తెలిసెను. అయినను ఒక ప్రశ్న మిగిలియే యున్నది. మాతృభాషలో సున్న యను అంకె తన కంటబడినప్పుడు ఆ యంత్రము ఏల ఆగి యడుగలేదు? ఆగి యడుగుమని దానికి నేర్పవలసినవారొకరు. నేర్పిరో లేదో పరీక్షించి చూడవలసినవారు వేరొకరు. ఈ రెండవవారిని తయారు చేయు విద్యను గూర్చియే నేటి మా ప్రసంగము.

భూస్వాములకును రైతులకును ఈ సంగతి మరింత దగ్గరిది. 2020 అక్టోబరు 29వ తేదీన తెలంగాణమున ‘ధరణి’ ఆరంభింపబడెను. తమ సొంతభూమి నిషేధపు జాబితాలో చేరినదనియు, ఎకరముల లెక్క తగ్గినదనియు, పేరు తారుమారైనదనియు రైతులు ఏండ్ల తరబడి కార్యాలయముల చుట్టు తిరిగిరి. తుదకు 2025 ఏప్రిలు 14వ తేదీన దాని స్థానమున ‘భూభారతి’ వచ్చెను. ఈ కష్టములలో చట్టమువలన కలిగిన వెన్ని, పాత దస్త్రముల తప్పులవలన కలిగిన వెన్ని, సాఫ్టువేరువలన కలిగిన వెన్ని యని రైతు విడదీసి చెప్పగలడా? చెప్పలేడు. విడదీసి చెప్పు నేర్పు గలవాడు పరీక్షకుడు. అట్టివాడు పని ఆరంభము కాకమునుపే చేరినచో రైతు తిరుగవలసిన తిరుగుడులో కొంతయైన తగ్గును.

ఇంగ్లండున జరిగిన యన్యాయము దీనికంటె ఘోరమైనది. అచ్చటి పోస్టాఫీసువారు 1999 మొదలుకొని ‘హొరైజన్’ అను సాఫ్టువేరును శాఖలలో ప్రవేశపెట్టిరి. లెక్కలలో సొమ్ము తక్కువైనట్లు ఆ యంత్రము చూపగా, దొంగిలించితిరని ఉపపోస్టుమాస్టరులపై నేరములు మోపిరి. 2015 వరకు 900 మందికి పైగా శిక్షింపబడిరి. కొందరు చెరసాలకు పోయిరి. కొందరు ఇండ్లు వాకిళ్లు అమ్ముకొనిరి. కొందరు నిర్దోషులని తేలకమునుపే కన్నుమూసిరి. యంత్రము తప్పు చేయదను నమ్మకమే వారి పాలిటి శాపమైనది. లెక్కలు తారుమారు చేయగల లోపములు ఆ సాఫ్టువేరులో నున్నవని 2019 డిసెంబరులో ఉన్నతన్యాయస్థానము తీర్పు చెప్పెను. 2024లో పార్లమెంటు ప్రత్యేకశాసనము చేసి శిక్షలను రద్దు చేయవలసివచ్చెను. కోల్పోయిన యేండ్లను ఏ శాసనము మరల నీయగలదు?

ఇంతకును సాఫ్టువేరు పరీక్ష యన నేమి? ప్రోగ్రాము పనిచేయుచున్నదని చూపుట పరీక్ష యని సామాన్యులు తలతురు. అది పొరపాటు. పని యెక్కడ చెడునో వెదకి పట్టుట పరీక్ష. గ్లెన్‌ఫర్డ్ మయర్సు అను పండితుడు 1979లో ప్రకటించిన గ్రంథమున ఈ భేదమునే నొక్కి చెప్పెను. మనవారి కిది కొత్త సంగతి కాదు. కంసాలి బంగారమును ఒరపిడి పెట్టును, కోయును, కాల్చును, కొట్టి చూచును. బంగారమును మెచ్చుకొనుటకు గాదు. అందు రాగి యెంత కలిసినదో కనిపెట్టుటకు. మన శాస్త్రకారులును సిద్ధాంతము చెప్పుటకు ముందు పూర్వపక్షమును నిలిపిరి. ఎదిరివాని యాక్షేపణలను వానికంటె బలముగ పలికి, వానికి నిలిచినదానినే సిద్ధాంతమనిరి. ప్రోగ్రాము వ్రాసినవాడు సిద్ధాంతి, పరీక్షించువాడు పూర్వపక్షి. పూర్వపక్షి లేని సభలో గెలిచిన సిద్ధాంతమునకు విలువ యేమున్నది?

ఈ విద్యకు మెలకువలు గలవు. అవి పండితులకు మాత్రమే తెలియదగిన రహస్యములు కావు. అన్న ముడికినదో లేదో చూచుటకు కుండలోని మెతుకులన్నియు పట్టి చూడనక్కరలేదు; ఒక్క మెతుకు చాలును. ఒకే తీరుగ నడచు విలువలను ఒక తరగతిగ నేర్పరచి, అందుండి యొకదానిని పరీక్షించుట ఇట్టిదే. అయితే పొయ్యిమీద రెండు కుండలున్నప్పుడు ఒక కుండలోని మెతుకు రెండవకుండకు సాక్ష్యము చెప్పదు. ఎన్ని కుండలున్నవో కనిపెట్టుటయే పరీక్షకుని తెలివి. ఇంకొక మెలకువ సరిహద్దులను గూర్చినది. పొలము తగవు పొలము నడుమ పుట్టదు, గట్టుమీద పుట్టును. సాఫ్టువేరులోను అంతే. అరువది యేండ్లు నిండినవారికి పింఛను అను నియమ మున్నదనుకొందము. ముప్పది యేండ్లవానితోను ఎనుబది యేండ్లవానితోను పరీక్షించి బాగున్నదని సంతోషించుట యేమంత ఘనకార్యము? 59, 60, 61 – ఈ మూటితో చూడవలెను. ‘అరువదియు, ఆపైన’ అని వ్రాయవలసినచోట ‘అరువదికి మించిన’ అని వ్రాసినచో ప్రతి వృద్ధుడును ఒక యేటి పింఛను పోగొట్టుకొనును. వయస్సు వ్రాయు గడి ఖాళీగ నున్న నేమగును? సున్న వేసిన నేమగును? అంకెకు మారుగ అక్షరము పడిన నేమగును? ఇవియు అడుగవలసిన ప్రశ్నలే.

ప్రోగ్రాము లోపలి త్రోవలను అనుసరించి పరీక్షించుట వేరొక పద్ధతి. గ్రామమున ప్రతి యింటిని చూచుట యొకటి. ప్రతి మలుపును తిరిగి చూచుట మరియొకటి. ఊరిలో నడువదగిన త్రోవలన్నియు నడచి చూచుట ఇంకొకటి. మొదటి రెండును సాధ్యములు. మూడవది సాధ్యమా? ఒకదాని తరువాత నొకటిగ ఇరువది మలుపులుండి, ప్రతి మలుపున రెండేసి త్రోవలుండిన, మొత్తము త్రోవలు 10,48,576 అగును. సెకనుకొకటి చొప్పున నడచినను పండ్రెండు దినములు పట్టును. మలుపులు నలుబదియైనచో 34,000 యేండ్లు చాలవు. నిజమైన ప్రోగ్రాములలో మలుపులు నలుబదితో ముగియవు. కావుననే పరీక్షవలన తప్పులున్నవని చూపవచ్చును గాని, తప్పులు లేవని చూపజాలమని డైక్‌స్ట్రా అను డచ్చి శాస్త్రజ్ఞుడు హెచ్చరించెను.

అన్నియు పరీక్షింపలేనప్పుడు దేనిని ముందు పరీక్షింపవలెను, ఎంతవరకు పరీక్షింపవలెను, ఎప్పుడు ఆపవలెను అను వివేకము కావలసివచ్చును. దానికే వ్యూహమని పేరు. ముందు విడిభాగములను, పిదప వాని కూడికను, ఆపైన సమగ్రయంత్రమును, తుదకు వాడుకొనువారి యెదుట దాని నడకను చూడవలెను. ఒక్క యక్షరము మార్చినను పాతవన్నియు చెడకున్నవో లేదో తిరిగి చూడవలెను. ఈ క్రమమున నొక మెట్టు దాటవేసిన నేమగునో చరిత్ర చెప్పుచున్నది. 1996 జూను 4వ తేదీన ఫ్రెంచి గయానానుండి ఎగిరిన ఏరియాన్-5 అను రాకెట్టు నలుబది సెకనులలోపల దారి తప్పి బ్రద్దలయ్యెను. ఏరియాన్-4లో చక్కగ పనిచేసిన సాఫ్టువేరునే అందు పెట్టిరి. కొత్త రాకెట్టు వేగ మెక్కువ. 32,767కు మించిన సంఖ్య పట్టని గడిలో అంతకు మించిన సంఖ్య వచ్చి పడెను. కొత్త రాకెట్టు నడచు త్రోవను అనుసరించి ఆ భాగమును పరీక్షింపలేదని విచారణసంఘము తేల్చెను. పాత యింట మంచిదనిపించుకొన్న కోడలు కొత్త యింట నెట్లుండునో చూడక చెప్పరాదు!

ఇది పాతకాలపు మాట యని త్రోసివేయువారికి 2024 జూలై 19వ తేదీని జ్ఞాపకము చేయుచున్నాము. క్రౌడ్‌స్ట్రయికు అను సంస్థ పంపిన యొక చిన్న మార్పువలన ప్రపంచమున సుమారు 85 లక్షల కంప్యూటర్లు ఒక్కుమ్మడి మూలబడెను. హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు చేతివ్రాతతో బోర్డింగు పాసులిచ్చిరి. కారణమేమి? ప్రోగ్రాము 21 విలువల కెదురుచూచుచుండగ దానికి 20 మాత్రమే అందెను. ముందు జరిపిన పరీక్షలలో ఆ యిరువదియొకటవదానికి ‘ఏదైన సరే’ యని గుర్తు పెట్టియుండుటచేత లోపము బయటపడలేదు. పరీక్షలు జరిగినవి, అడుగవలసిన ప్రశ్న మాత్రము అడుగబడలేదు.

ఇక మన విశ్వవిద్యాలయముల సంగతి. ఈ విషయము పాఠ్యప్రణాళికలలో లేదని మేము నింద చేయుట లేదు. హైదరాబాదు జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమువారి ప్రణాళికలలో ‘సాఫ్టువేరు టెస్టింగు మెథడాలజీస్’ అను పాఠ్యవిషయము చాలకాలముగ చోటు చేసికొన్నది. బోరిసు బైజరు రచించిన ప్రసిద్ధగ్రంథమును దానికి పాఠ్యపుస్తకముగ పెట్టిరి. గ్రంథ ముత్తమమైనది. పరీక్షకుని మనస్సు ఎదుగు క్రమమును బైజరు అయిదు దశలుగ వివరించెను: తప్పు దిద్దుటకును పరీక్షకును భేదము తెలియని దశ, పనిచేయునని చూపగోరు దశ, పనిచేయదని చూపగోరు దశ, అపాయమును తగ్గింపగోరు దశ, తుదకు పరీక్ష యనునది యొక పని కాదు, మనస్సునకు అలవడిన శిక్షణ యని తెలిసికొను దశ. ఎంత చక్కని మాట! కాని ఈ మాట మన కళాశాలలలో నేమగుచున్నది? ‘అయిదు దశలను వివరింపుము’ అను ప్రశ్నకు జవాబుగ కంఠస్థము చేయబడుచున్నది. మనశ్శిక్షణ యని వ్రాసి మార్కులు తెచ్చుకొన్న విద్యార్థి, ఆ శిక్షణ నొక్క దినమైన పొందకయే పట్టభద్రు డగుచున్నాడు. పరీక్షను గూర్చిన పరీక్షలో ఒక్క ప్రోగ్రామునైన పరీక్షింపకుండ ఉత్తీర్ణుడగుట సాధ్యమైనప్పుడు, ఆ పరీక్షయే లోపభూయిష్ఠమని వేరుగ చెప్పవలెనా?

పైగా ఇది తరచుగ ఐచ్ఛికవిషయము. ప్రోగ్రాము వ్రాయుట అందరికిని, పరీక్షించుట ఇష్టమైనవారికి! వంట అందరును నేర్వవలెను, రుచి చూచుట మాత్రము కోరినవారు నేర్వవచ్చును అన్నట్లున్నది. దీనివలన కలుగు చేటు ఉద్యోగములలోను కనబడుచున్నది. వ్రాయువాడు పెద్ద, పరీక్షించువాడు చిన్న యను తారతమ్యము మన కంపెనీలలో పాతుకొనియున్నది. మంచి ఉద్యోగము దొరకనివాడు టెస్టింగులో చేరునని తల్లిదండ్రులు సైతము చెప్పుకొనుచున్నారు. లెక్కలు వ్రాయు గుమాస్తాకంటె లెక్కలు తనిఖీ చేయువానికి గౌరవ మధికముగ నిచ్చు దేశమున ఈ వైపరీత్య మెట్లు పుట్టినదో విచారింపదగినది.

ఈ విద్యను ఎట్లు నేర్పవలెనో చూపుటకు ఒక్క నిదర్శనము చాలును. 1988లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున బార్టన్ మిల్లరు అను ఆచార్యుడు తన విద్యార్థులకు ఒక చిన్న పని నప్పగించెను. యూనిక్సు వ్యవస్థలో నిత్యము వాడు సాధనములకు, తలతోక లేని యక్షరములను గుప్పించి, ఏమగునో చూడుడనెను. అంతకుముందు ఒక గాలివాన రాత్రి టెలిఫోను తీగవెంట తన యింటికి వచ్చుచున్న సంకేతములు చెదరి, ఆ చెదరుటచేతనే ప్రోగ్రాములు కూలుట ఆయన చూచియుండెను. విద్యార్థులు పరీక్షించిరి. 1990లో ప్రకటించిన ఫలితము లోకమును ఆశ్చర్యపరచెను: ఏ కూర్పున చూచినను, పరీక్షించిన సాధనములలో నాలుగవవంతు మొదలు మూడవవంతు వరకు కూలుటయో బిగిసిపోవుటయో జరిగెను. అవి అనుభవజ్ఞులు వ్రాసినవి, ఏండ్ల తరబడి లోకము వాడినవి. ‘ఫజ్జింగు’ అని పేరొందిన ఆ పద్ధతిని నేడు పెద్ద పెద్ద సంస్థలు రాత్రింబవళ్లు నడుపుచున్నవి. దానికి పుట్టినిల్లు ఒక తరగతిగది. ఖర్చు స్వల్పము, ప్రయోజన మనంతము. మన పిల్లల తెలివికి లోపమున్నదా? లేదు. వారి చేతికి పని యిచ్చినవారు లేరు.

ఇందుకు కొన్ని ఆక్షేపణలు గలవు. ఇట్టి విద్య నేర్పు అధ్యాపకులు చాలరందురు. నిజమే. కాని నేర్పుటకు ముందు అందరును అన్నియు ఎరిగియుండవలెనన్న ఏ విద్యయు ఆరంభము కాదు. ఇప్పుడు కృత్రిమమేధయే ప్రోగ్రాములు వ్రాయుచున్నది, పరీక్షలును అదియే వ్రాయును, మనుష్యుల కేల యీ శ్రమ యని మరికొందరందురు. మా కిది తలక్రిందు వాదముగ తోచుచున్నది. వ్రాయుట సులభమైనకొలది వ్రాసినదానిని శంకించు నేర్పునకు విలువ హెచ్చును. సిద్ధాంతమును పూర్వపక్షమును ఒకే నోట పలికిన వాదము నాటకమగును గాని నిర్ణయము కాదు. యంత్రము తెచ్చి యిచ్చిన వేయి పరీక్షలలో అసలు ప్రశ్న యున్నదో లేదో చూడగల మనుష్యుడు లేకపోయినచో క్రౌడ్‌స్ట్రయికు కథ మరల మరల జరుగును.

ఒకే తీరు పరీక్షలను ఏండ్ల తరబడి నడుపుటయు చాలదు. బైజరు దీనిని పురుగుమందుతో పోల్చెను. మన పత్తిరైతునకు ఈ పోలిక వివరింపనక్కరలేదు. ఒకే మందు మరల మరల కొట్టిన చేలో చావవలసినవి చచ్చును. మందునకు లొంగనివి మిగిలి పెరుగును. పాత పరీక్షలకు దొరకవలసిన తప్పులు దొరకినవి; దొరకనివే మిగిలియున్నవి. కావున పద్ధతులు పెక్కు నేర్చినవాడే పరీక్షకుడు.

విశ్వవిద్యాలయములకు మా సూచనలు కొన్ని. మొదటిది: ఈ విషయమును ఐచ్ఛికముగ విడువక, కంప్యూటరు శాస్త్రము చదువు వారందరికిని విధిగ చేయవలెను, ప్రోగ్రాము వ్రాయుట నేర్పిన తొలియేటనే దానిని పరీక్షించుటయు నేర్పవలెను. రెండవది: వ్రాతపరీక్షతో సరిపుచ్చక, తప్పులు తెలిసి నాటిన ప్రోగ్రామును విద్యార్థి చేతి కిచ్చి, ఎన్ని పట్టెనో లెక్కించి మార్కులు వేయవలెను. తప్పులు నాటి పరీక్షల సత్తువను కొలుచు ఈ పద్ధతిని డిమిల్లో, లిప్టన్, సేవర్డు అను మువ్వురు 1978లోనే లోకమునకు విశదపరచిరి. ఇందు కంఠపాఠమునకు చోటు లేదు. మూడవది: ఒక విద్యార్థి వ్రాసినదానిని మరియొకడు పరీక్షింపవలెను. తన బిడ్డ తప్పు తల్లి కంటికి కనబడదు. తప్పు చూపుట వైరము కాదనియు, చూపించుకొనుట అవమానము కాదనియు యౌవనముననే అలవడవలెను. నాలుగవది: ప్రజలకొరకు ప్రభుత్వములు చేయించు సాఫ్టువేరును, ప్రజల గుట్టు బయటపడని రీతిని, విశ్వవిద్యాలయములచేత స్వతంత్రముగ పరీక్షింపజేసి, ఆ నివేదికలను ప్రకటింపవలెను. వంతెన కట్టిన కంట్రాక్టరే వంతెన గట్టిదని సర్టిఫికెట్టు వ్రాసికొనుట మన మెక్కడను ఒప్పుకొనము. పింఛను జాబితాను, పట్టాను, ఫలితమును మోయు వంతెన విషయమున ఏల ఒప్పుకొనవలెను?

ఇందు ప్రజల బాధ్యతయు గలదు. కళాశాలలో బిడ్డను చేర్చునప్పుడు జీతమెంత, ఉద్యోగమెప్పుడు అని యడుగు తండ్రులు, ఈ విద్య యెట్లు నేర్పుదురని ఒక్క మాట యడిగిన మేలు. కార్యాలయమున గుమాస్తా ‘కంప్యూటరే అట్లు చెప్పుచున్నది, మేమేమి చేయుదుము’ అని పలికినప్పుడు, ఆ కంప్యూటరును పరీక్షించినవా రెవరని యడుగు హక్కు ప్రతి పౌరునకును గలదు. ఇంగ్లండున వందలకొలది నిరపరాధులు ఆ ప్రశ్న నడిగినప్పుడు వినినవారు లేకపోయిరి. మన దేశమున ఆ ప్రశ్నను నిర్భయముగ అడుగువారిని, దానికి సాక్ష్యముతో జవాబు చెప్పగలవారిని తయారు చేయుట విశ్వవిద్యాలయముల ధర్మము. ప్రణాళికలను సవరించు పండితసభలు ఈ విషయమును వచ్చు విద్యాసంవత్సరమునకు ముందే విచారణకు తెచ్చునని ఆశించుచున్నాము.